గనిలో ఆయిల్ తుడిచే ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పూర్తి చేస్తోంది. ఒక ఓపెన్‌కాస్ట్ గనిలో ఆయిల్ స్పిల్స్ చూసే టీమ్‌లో ట్రైనీగా అవకాశం వచ్చింది. నేల మీద ఆయిల్ తుడవడానికి ఇంత చదువు ఎందుకని నాకు అనిపిస్తోంది. తనేమో వెళ్తానంటోంది. పంపించవచ్చా?

జవాబు: ఆయిల్ క్లీనప్ అనగానే చేతిలో గుడ్డ, పక్కన బకెట్ గుర్తొస్తాయి. నిజానికి ఈ పనిలో తుడవడం చివరి వంతు.

రాత్రి షిఫ్ట్‌లో ఎక్స్‌కవేటర్ హైడ్రాలిక్ హోస్ పగిలిందనుకోండి. ఆ గొట్టంలో ఒత్తిడి 300 బార్ దాకా ఉంటుంది కాబట్టి నిమిషాల్లో మడుగు కడుతుంది. ముందు మెషీన్ ఆపించాలి, మనుషుల్ని దూరం పంపాలి, మంట అంటుకునే అవకాశం లేకుండా చూడాలి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడనివ్వకూడదు. సూదిమొన అంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ కూడా చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆపరేషన్ అవసరమవుతుంది.

ఆ తర్వాతే అసలు ప్రశ్న: ఇది ఎటు పోతుంది? వాలు ఎటుంది, దగ్గర్లో కాలువ ఉందా, అది ఏ చెరువులో కలుస్తుంది? ఇవి ముందే తెలిసినవాళ్లు డోజర్‌ని పిలిచి దిగువన మట్టికట్ట వేయిస్తారు. తెలియనివాళ్లు మడుగు దగ్గరే ఆయిల్ పీల్చే ప్యాడ్లు పరుస్తూ ఉంటారు, ఈలోగా ఆయిల్ కాలువ చేరుతుంది. మీ అమ్మాయి చదువు పనికొచ్చేది ఇక్కడే.

కాలువలోకి చేరినా దారి లేకపోలేదు. డీజిల్‌లాగే ఈ ఆయిల్ కూడా నీళ్లకన్నా తేలిక, పైన తేలుతుంది. కాలువకి అడ్డంగా కట్ట వేసి, దానిలోంచి ఒక పైపును, ఎగువ మూతి నీళ్ల అడుగున ఉండేలా పెడితే నీళ్లు కిందినుంచి పోతాయి, ఆయిల్ ఇవతలే ఆగుతుంది. దాన్ని తెల్ల ప్యాడ్లతో ఎత్తాలి. అవి ఆయిల్‌ని పీల్చి నీళ్లని వదిలేస్తాయి. బూడిదరంగువి అన్నిటినీ పీలుస్తాయి, కాలువలో వేస్తే నీళ్లతోనే నిండిపోతాయి. డిటర్జెంట్ చల్లి కడగమనేవాళ్లు ప్రతి సైట్‌లోనూ ఒకరుంటారు. అలా చేస్తే ఆయిల్ మాయమవదు, సన్న బిందువులై నీళ్లలో కలిసి ఆయిల్‌ని నీళ్లనుంచి వేరుచేసే సెపరేటర్‌కి కూడా చిక్కకుండా పోతుంది.

తడిసిన మట్టిని ఏం చేయాలి? పైన కొత్తమట్టి కప్పేస్తే కనిపించదు కదా అన్న ఆశ అందరికీ ఉంటుంది. అలా కప్పకుండా తవ్వి, వేరే చోట కుప్పపోసి, నత్రజని, భాస్వరం, తేమ అందిస్తూ తిరగేస్తుంటే సూక్ష్మజీవులే ఆయిల్‌ని తింటాయి. డీజిల్‌కి నెలలు పట్టవచ్చు, చిక్కటి గేర్ ఆయిల్ అయితే ఇంకా మొండిది. శాంపిల్ తీసి ల్యాబ్‌లో హైడ్రోకార్బన్లు ఎంత తగ్గాయో చూశాకే ఆ మట్టిని వాడనిస్తారు.

స్పిల్ లేని రోజుల్లో పని మరీ బోరుగా ఉంటుందని ముందే చెప్పండి. ట్యాంకు లీకైతే ఆయిల్ బయటికి పోకుండా చుట్టూ కట్టిన బండ్ గోడలు చూడాలి. ఆ గోడల మధ్య, లోపలున్న అతిపెద్ద ట్యాంకు సామర్థ్యానికి 110 శాతం పట్టేలా ఉండాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. వాననీళ్లు వదలడానికి తెరిచిన వాల్వ్‌ని మళ్లీ మూశారా లేదా చూడాలి. మరిచిపోతే ఆ గోడ ఉన్నా లేనట్టే. తిట్టు తప్పదన్న భయంతో చిన్న లీకుల్ని దాచిపెట్టే ఆపరేటర్ల చేత చెప్పించుకోవడం అన్నిటికన్నా కష్టం. అది ఏ కోర్సూ నేర్పదు.

దుమ్ము, షిఫ్టులు, డీజిల్ వాసన తప్పవు. పెద్ద డంపర్ల డ్రైవర్లకి దగ్గరగా నిలబడ్డ మనిషి కనిపించడు, కాబట్టి నాకైతే ఆయిల్ కన్నా ఆ టెన్షనే ఎక్కువ. కానీ రెండు మూడేళ్లు చేస్తే నీటి నిర్వహణ, గని మూసివేత, కలుషిత భూముల శుద్ధి వైపు వెళ్లవచ్చు. రిఫైనరీలు, ఓడరేవులకూ ఈ అనుభవం పనికొస్తుంది.

నేనైతే పంపమనే అంటాను, ఒక షరతుతో. చేరేముందు సైట్ చూడటానికి వెళ్లినప్పుడు, చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగిందో, ప్రమాదం అనిపిస్తే పని ఆపించే అధికారం ట్రైనీకి ఉందో లేదో అడగమనండి. వర్క్‌షాప్ దగ్గర స్పిల్ కిట్ డబ్బా ఉంటుంది, మూత తీసి చూడమనండి. అందులో ప్యాడ్ల బదులు ఖాళీ సీసాలు, పాత గ్లౌజులు కనిపిస్తే ఇంకో చోట అప్లై చేయమని చెప్పండి.