పాత ప్రాంగణానికి ప్రణాళిక రాసే ముందు

అమ్మా,

మీ కళాశాల పాత భవనాల సంరక్షణ కమిటీలో నిన్ను వేశారని తెలిసి సంతోషించాను. రంగులు, దీపాలు, ప్రారంభోత్సవం గురించి మాట్లాడేవాళ్లు అందులో ఎలాగూ ఉంటారు. నువ్వు నీళ్ల సంగతి పట్టుకో.

వాన పడుతుండగా గొడుగు వేసుకుని ప్రాంగణమంతా తిరుగు. ఏ తూము పూడింది, కప్పు మీది నీరు ఏ గోడ వెంట దిగుతోంది, పునాది పక్కన ఎక్కడ నిలుస్తోంది, అన్నీ పటం మీద గుర్తు పెట్టు. ఇటుకా సున్నంతో కట్టిన గోడలోని చెమ్మ సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక లోపలి ఇటుకను తినేస్తుంది. ‘సిమెంటు గట్టిది కదా’ అని కాంట్రాక్టరు వాదిస్తాడు. గట్టిదే, చిక్కంతా అక్కడే ఉంది. డంగు సున్నం, అంటే గానుగలో నూరిన సున్నం, పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా ఆగు. గోడలో మొలిచిన రావి మొక్కను పైపైన కోయిస్తే మళ్లీ చిగురిస్తుంది, బలంగా పీకిస్తే గోడ కదులుతుంది. వేరును చంపాకే బీటను సున్నంతో పూడ్పించు.

జాబితాలో భవనాలే రాసి ఊరుకోకు. చెట్లు, బావులు, దారులు, ద్వారాలు కూడా ఎక్కించు. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం ముందున్న ఖాళీ స్థలం వృథా కాదు, దూరం నుంచి ఆ రాతి కట్టడం కనిపించేది దానివల్లే. అక్కడ కొత్త బ్లాకు లేపితే ఒక్క రాయి ముట్టుకోకుండానే భవనాన్ని పాడుచేసినట్టు. పెద్ద చెట్ల మొదళ్ల చుట్టూ టైల్సు పరిచే సరదా ఒకటి ఈమధ్య అందరికీ పట్టుకుంది. మీవాళ్లకు అది రాకుండా చూడు.

ఒకసారి హైదరాబాదులోని కోఠి మహిళా కళాశాలకు వెళ్లిరా, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కాలంలో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీలోకి ఆ కళాశాల 1949లో చేరింది. పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో ఆ భవనాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. బాగుచేసిన భవనం తిరిగి తెరుచుకునేసరికి 2023 వచ్చింది. ఈ పనులకు అంతకాలం పడుతుంది. ఈలోగా మీ ప్రిన్సిపాల్ ఎన్నిసార్లు మారతారో ఊహించుకో! అందుకే ప్రణాళికను పాలకమండలి చేత తీర్మానం చేయించు. తూముల శుభ్రతకు, కప్పు పరిశీలనకు ఏటా బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టించు.

వానల పటం తయారయ్యాక నకలు నాకు పంపు. మరమ్మతుల వరుస కలిసి కూర్చుని రాద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు