నాలుగో తరగతి సైన్సు ఇంట్లో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ బాబు నాలుగో తరగతికి వచ్చాడు, అంతరిక్షం, పదార్థం, భూమి, ఆవరణ వ్యవస్థ (జీవులూ వాటి పరిసరాలూ) పాఠాలు మీరే చెప్పాలి, తీరా చూస్తే మీకే బేసిక్స్ గుర్తులేవు అన్నారు. ఏది ముందు, ఏది తర్వాత అని అడిగారు. వరుస గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. మా పాపకి మూడేళ్లుగా ఇంట్లో చెబుతున్నాను కాబట్టి ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. పుస్తకం తెరవకముందే "నువ్వేమనుకుంటున్నావు, బొమ్మ గీసి చూపించు" అనండి. పిల్లలు ఏమీ తెలియకుండా పాఠం దగ్గరికి రారు, ప్రతిదానికీ వాళ్ల లెక్క వాళ్లకుంటుంది. అది బయటికి రాకపోతే పరీక్షలో మనం చెప్పిన జవాబు రాసేస్తారు, లోపల మాత్రం పాత లెక్కే ఉంచుకుంటారు.

ఈ సంగతి నాకు చంద్రుడి దగ్గర తెలిసొచ్చింది. అక్కడ తప్పు పాపది కాదు, నాది. చంద్రుడు రోజురోజుకీ ఎందుకు తగ్గుతాడని అడిగితే "భూమి నీడ పడుతుంది" అని ఠక్కున చెప్పేశాను. చిన్నప్పటి నుంచీ అదే అనుకుంటున్నాను మరి. కొన్నాళ్లకి ఓ మధ్యాహ్నం ఆకాశంలో సగం చంద్రుడు కనబడ్డాడు. "సూర్యుడు అటున్నాడు, చంద్రుడు ఇటున్నాడు, ఇద్దరూ మనకి కనబడుతున్నారు. మరి మన నీడ చంద్రుడి మీద ఎలా పడింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురుదిక్కునే ఉంటుంది కదా!

అసలు సంగతి ఏమిటంటే చంద్రుడిలో సగభాగం మీద ఎప్పుడూ ఎండ పడుతూనే ఉంటుంది (గ్రహణం రోజు మాట వేరు). ఆ వెలుగు సగంలో మనకి ఎంత కనబడుతుందన్నదే చంద్రకళ. ఒక పౌర్ణమి నుంచి మరో పౌర్ణమికి సుమారు 29.5 రోజులు. మాటలతో చెబితే ఎక్కదు కాబట్టి చీకటి గదిలో ఒకే ఒక్క బల్బు వేసి, పెన్సిల్‌కి బంతి గుచ్చి, చెయ్యి చాపి పట్టుకుని ఎడమవైపుకి మెల్లగా గుండ్రంగా తిరగమనండి. నెలవంక, సగం, పౌర్ణమి అన్నీ వరుసగా బంతి మీదే వస్తాయి. వెనక్కి తిరిగినప్పుడు తల నీడ బంతి మీద పడి పౌర్ణమి రాదు, పిల్లలు గొడవ చేస్తారు. అప్పుడు బంతిని తలకంటే కాస్త పైకి ఎత్తమనండి. నిజం చంద్రుడూ అంతే, ఆయన దారి భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలానికి (ప్లేన్‌కి) దాదాపు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు. ఆ తల నీడే చంద్రగ్రహణం. నేను ఎన్నో ఏళ్లు కలిపేసిన రెండు విషయాలూ పది నిమిషాల్లో విడిపోయాయి.

అంతరిక్షం పాఠంలో రెండో చిక్కు పుస్తకంలోని బొమ్మలే. పేజీలో పట్టాలి కాబట్టి అన్నీ దగ్గరదగ్గరగా వేస్తారు, వాళ్లనీ అనడానికి లేదు. వెయ్యి కిలోమీటర్లని ఒక సెంటీమీటరు అనుకోండి. భూమి దాదాపు 13 సెంటీమీటర్ల బంతి, చంద్రుడు మూడున్నర సెంటీమీటర్ల గోళీ. రెండింటి మధ్య దూరం ఎంతో పెట్టి చూపించమంటే మా పాప ఒక జానెడు పెట్టింది. నేనూ అంతే పెట్టేవాణ్ణి. నిజానికి అది దాదాపు 4 మీటర్లు, గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. ఇదే లెక్కలో సూర్యుడు 14 మీటర్ల గుండు, ఉండేది కిలోమీటరున్నర అవతల. ఈ ఒక్క ఆట ఆడితే చాలు, గ్రహాల పేర్లు బట్టీ పట్టించే పని తర్వాత చూసుకోవచ్చు.

రుతువుల గురించి అడిగితే మీ బాబు "సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం" అనే అవకాశం చాలా ఎక్కువ. కొట్టిపారేయకండి. "అలా అయితే భూమి అంతటా ఒకేసారి ఎండాకాలం రావాలి కదా, మరి ఉత్తరార్ధగోళంలో ఎండాకాలమైతే దక్షిణార్ధగోళంలో చలికాలం ఎందుకు?" అని అడిగి ఊరుకోండి. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అప్పుడు దూరం దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో 15.2 కోట్లు. తేడా అంత తక్కువ. అసలు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం, దానివల్ల ఎండ ఒకచోట నిటారుగా, మరోచోట వాలుగా పడుతుంది. కాగితం మీద టార్చి నిటారుగా వేసి, తర్వాత వాలుగా వేయండి. వెలుగు అదే, పరుచుకునే చోటు పెరిగింది, కాబట్టి ఒక్కో చోటికి అందేది తగ్గింది. పగటి పొడవు కూడా మారుతుందని ఒక మాట కలపండి, చాలు.

పదార్థం పాఠం తేలిక అనుకుంటాం. ఘన, ద్రవ, వాయు అని మూడు పేర్లు చెప్పి వదిలేస్తాం. ఐసు వేసిన గ్లాసు బయట నీటి చుక్కలు ఎక్కడివని అడిగి చూడండి. మా పాప "గ్లాసు కారుతోంది" అంది. కాదని చెప్పకుండా లోపలి నీళ్లలో రంగు కలిపాను. బయటి చుక్కలు తెల్లగానే ఉన్నాయి. "రంగు లోపలే ఆగిపోయి నీళ్లు మాత్రం వచ్చాయేమో" అంది! పిల్లల లెక్క అంత సులువుగా ఓడిపోదు. ఆఖరికి మూత గట్టిగా బిగించిన స్టీలు సీసాలో ఐసు నీళ్లు పోసి, వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టాం. కాసేపటికి బరువు రెండు మూడు గ్రాములు పెరిగింది. కారిపోతే బరువు పెరగదు కదా. గాల్లోని నీటి ఆవిరే చల్లటి గోడకి తగిలి చుక్కలైందని తనే చెప్పింది. గాలి బాగా పొడిగా ఉన్న రోజున ఈ ప్రయోగం చేయకండి, ఏమీ జరగదు.

భూమి లోపలి పొరలకి నేను ఎక్కువ సమయం ఇవ్వలేదు. రష్యాలోని కోలా దగ్గర మనిషి తవ్విన అతి లోతైన రంధ్రం 12 కిలోమీటర్ల పైచిలుకు, భూమి మధ్యకి 6,371 కిలోమీటర్లు అని చెబితే "అంతేనా?" అంది పాప. పటలం (భూమి పై పొర) కింద అంతా మరిగే లావా సముద్రం అనుకుంటారు, అది మాత్రం సరిచేయండి. ప్రావారం, అంటే పటలం కింది మందపాటి పొర, ఎక్కువ భాగం గట్టి రాయే, చాలా నెమ్మదిగా కదులుతుంది.

ఆవరణ వ్యవస్థలో పిల్లలు బాణం తిప్పేస్తారు. తినేది తినబడేదాని వైపు వెళుతుంది కాబట్టి బాణం అటే గీస్తారు. ఆహార గొలుసులో బాణం శక్తి వెళ్లే దారి, అంటే గడ్డి నుంచి మిడతకి. అయితే నేను ఇక్కడ మొదలుపెట్టిన ప్రశ్న వేరు: పెద్ద చెట్టుకి అంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది? పెద్దవాళ్లు కూడా మట్టిలోంచి అనే అంటారు. వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త 5 పౌండ్ల విల్లో మొక్కని తూచిన మట్టిలో నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లైంది, మట్టి మాత్రం రెండు ఔన్సులే తగ్గింది. అంతా నీళ్లే అని తేల్చాడు. ఆయన పోయాక 1648లో అచ్చయింది ఈ సంగతి. మట్టి కాదని పట్టుకున్నాడు కానీ గాలిని మర్చిపోయాడు. ఎండిన కట్టెలో ఎక్కువ బరువు గాల్లోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందే. "అంటే చెట్టు గాలితో కట్టిందా?" అని పాప నమ్మనే లేదు.

అందుకే ఒక కుండీలో తడి మట్టి పోసి మెత్తటి ఆకు ఒకటి, ప్లాస్టిక్ ముక్క ఒకటి పాతిపెట్టాం. రెండు నెలలకి ఆకులో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు, ప్లాస్టిక్ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆకు ఏమైందంటే "మళ్లీ గాలైపోయింది" అంది. చాలావరకు నిజమే, శిలీంధ్రాలూ బ్యాక్టీరియా తినేసి కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేశాయి, కొంత మట్టిలో కలిసింది. విచ్ఛిన్నకారులు అనే పేరు అప్పుడు చెప్పాను. మీరూ చేసి చూడండి, కాకపోతే వారానికోసారి మాత్రమే తవ్వనివ్వండి. మా పాప మొదటి ఆకుని రోజూ తవ్వి తవ్వి చింపేసింది.