రివెట్లు, వెల్డింగు, పగుళ్ళు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పాత రైలు వంతెనల గర్డర్ల నిండా రివెట్లే ఉంటాయి. ఇప్పుడు ఎక్కడ చూసినా వెల్డింగే. ఈ మార్పు ఎప్పుడొచ్చింది? వెల్డింగును అంతగా నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: కరెంటు ఆర్క్‌తో, అంటే కడ్డీకీ ఇనుముకూ మధ్య ఎగసే కరెంటు మెరుపు వేడితో, ఇనుము అతకడం 1880ల్లోనే తెలుసు. రష్యన్ బెనార్దోస్ 1881లో కార్బన్ కడ్డీతో అతికాడు. 1888లో మరో రష్యన్ స్లావ్యానోవ్ ఇనుప కడ్డీనే పెట్టి, అదే కరిగి అతుకులో నిండేలా చేశాడు. చిక్కల్లా కడ్డీకి పూత లేకపోవడమే. గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ కరిగిన ఇనుములో చేరి అతుకు పెళుసెక్కేది. 1904లో ఈసాబ్ కంపెనీ పెట్టిన స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెర్గ్ కడ్డీకి పూత పూశాడు. పూత కాలి వచ్చే వాయువు గాలిని దగ్గరికి రానివ్వదు, మిగిలింది స్లాగై పైన కప్పుకుంటుంది. గ్రిల్ షాపులో సుత్తితో రాలగొట్టే పెంకు అదే.

రివెట్టు కొట్టాలంటే రేకు మీద రేకు ఎక్కించాలి, బెజ్జాలు వేయాలి. బరువూ, కూలీ రెండూ ఎక్కువే. అందుకే రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ఓడలను వెల్డింగుతోనే హడావుడిగా కట్టింది. 1943 జనవరిలో స్కెనెక్టడీ అనే చమురు ఓడ (ట్యాంకరు) రేవులో కదలని నీళ్ళ మీదే నడిమికి విరిగింది. చలికి పెళుసెక్కే ఉక్కు, లోపమున్న అతుకులు, ఒత్తిడంతా ఒకచోట చేరే మూలలు కారణాలు. రివెట్ల ఓడలో పగులు రేకు అంచు దగ్గర ఆగుతుంది, వెల్డింగు ఓడ మొత్తం ఒకే రేకు లెక్క. చివరికి కొన్ని ఓడలకు పగుళ్ళు ఆగడానికి రివెట్ల పట్టీలే వేయాల్సివచ్చింది! ఉక్కు నాణ్యత, డిజైను మారాక ఆ బెడద తగ్గింది. 1955లో మొదలైన పెరంబూర్ రైలు బోగీల ఫ్యాక్టరీ ఐసీఎఫ్ బోగీలు మొదటినుంచీ వెల్డింగువే.

ప్రశ్న: మా చెరకు గానుగ పోత ఇనుము ఫ్రేము పగిలింది. వెల్డింగు చేయించిన ప్రతిసారీ అతుకు పక్కనే మళ్ళీ చీలుతోంది.
– ఒక రైతు, పెనుమూరు

జవాబు: మామూలు ఉక్కు పనులకు వాడే 6013 రకం రాడ్డుతో చేసి ఉంటారు. పోత ఇనుములో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. వేడెక్కి గబుక్కున చల్లారితే అతుకును ఆనుకున్న భాగం గాజులా గట్టిపడి, ముడుచుకునే లాగుడుకు చీలిపోతుంది.

ముందు పగులు రెండు కొసల్లోనూ 3–5 మి.మీ. బెజ్జం వేయించండి, చీలిక అక్కడితో ఆగుతుంది. గ్రైండరుతో ‘వి’ గాడి తీసి, గ్యాసు మంటతో నూనె, గ్రీజు కాల్చేయాలి. ఇది వదిలేస్తే అతుకంతా బొక్కలే. నికెల్ రాడ్డు వాడండి, 2.5 మి.మీ. అయితే 60–80 ఆంపియర్లు చాలు. ఒక్కసారికి అంగుళం మించకూడదు. వేడి మీదే గుండ్రటి తల సుత్తితో మెల్లగా కొట్టి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఇంకోచోట మరో అంగుళం. తొందరపడి నీళ్ళు పోశారో, పనంతా వృథా. అయ్యాక పొడి బూడిదో సున్నమో కప్పి వదిలేయండి.

నికెల్ రాడ్డు ఖరీదెక్కువే, కానీ ఫ్రేముకు పెట్టడం దండగ కాదు. గేరు పళ్ళు వరసగా ఊడితే మాత్రం కొత్త కాస్టింగ్ తెచ్చుకోవడమే మేలు.