సీటీ స్కాన్ ఒకసారి చేయించాం... మళ్లీ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. కొన్ని వారాలుగా పచ్చకామెర్లు, ఒళ్లంతా దురద. బాగా చిక్కిపోయారు, కొత్తగా షుగర్ కూడా బయటపడింది. కడుపు సీటీ స్కాన్ చేయిస్తే పైత్యరస నాళం ఉబ్బిందని, క్లోమం తలభాగం కాస్త పెద్దదిగా ఉందని, కణితి మాత్రం స్పష్టంగా లేదని రాశారు. ఇప్పుడు క్లోమం కోసం ప్రత్యేకంగా డ్యూయల్ ఎనర్జీ సీటీ చేయించమంటున్నారు. కామెర్లు తగ్గడానికి పైత్యరస నాళంలో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేస్తామనీ అంటున్నారు. స్టెంట్ వేశాక స్కాన్ చేయిస్తే సరిపోదా?

జవాబు: స్కాన్ తప్పనిసరి. అదీ స్టెంట్ వేయకముందే చేయించండి. స్టెంట్ పడ్డాక దాని నీడలు సరిగ్గా మనం చూడాల్సిన చోటే పడతాయి. పైగా ఆ ప్రక్రియ తర్వాత కొందరికి క్లోమం వాస్తుంది. వాపునూ కణితినీ వేరుచేసి చూడటం అనుభవజ్ఞులకూ కష్టమే. అయితే నాన్నగారికి చలిజ్వరం వస్తుంటే సంగతి వేరు. పైత్యరస నాళంలో ఇన్ఫెక్షన్ ఉన్నట్లు అనుమానించాలి, అప్పుడు స్టెంట్ ఆలస్యం చేయకూడదు.

మొదటి స్కాన్ తప్పుగా తీశారనుకోకండి. తేడా అంతా సమయంలోనే ఉంది. నరంలోకి కాంట్రాస్ట్ మందు (రక్తం చేరిన భాగాలను స్కాన్‌లో తెల్లగా చూపేది) ఎక్కించాక సాధారణ కడుపు స్కాన్‌ను సుమారు 70 సెకన్లకు తీస్తారు. కాలేయం బాగా కనిపించేది అప్పుడే. క్లోమం బాగా వెలిగేది అంతకుముందు, 40-50 సెకన్ల మధ్య. క్లోమ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పీచు కణజాలంతో గట్టిపడి, రక్తప్రసరణ తక్కువగా ఉంటాయి. అందుకే ఆ కాసేపట్లో తెల్లగా వెలిగే గ్రంథి మధ్య కణితి నల్లగా బయటపడుతుంది. ఆ తర్వాత తేడా తగ్గిపోతుంది. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ కణితులు సాధారణంగా దీనికి విరుద్ధం, అవి గ్రంథి కన్నా ఎక్కువగా వెలుగుతాయి. క్లోమం స్కాన్‌లో 40-50 సెకన్లకు ఒకసారి, 70 సెకన్లకు మరోసారి, ఈ రెండు దశల్లోనూ చాలా పలుచని పొరలుగా చిత్రాలు తీస్తారు.

డ్యూయల్ ఎనర్జీలో రెండు శక్తి స్థాయుల ఎక్స్‌రేలు వాడి, కాంట్రాస్ట్‌లోని అయోడిన్ ఎక్కడ ఎంత చేరిందో లెక్కగడతారు. 2 సెంటీమీటర్ల లోపు కణితులకు ఇది బాగా ఉపకరిస్తుంది. ఆ యంత్రం దొరకకపోతే దానికోసం రోజులు పోగొట్టకండి. సరైన సమయాల్లో తీసిన మామూలు సీటీతోనూ చాలావరకు తేలుతుంది.

కొన్ని కణితులు ఏ దశలో చూసినా గ్రంథి రంగులోనే కలిసిపోతాయి. అప్పుడు క్లోమ నాళం హఠాత్తుగా తెగినట్లు ఆగిపోవడం, దాని వెనక నాళం ఉబ్బి గ్రంథి సన్నబడటం వంటి ఆనవాళ్లే ఆధారం. అవి కనిపిస్తే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి ద్వారా గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కానింగ్) చేసి, అవసరమైతే సూదితో ముక్క తీస్తారు. స్టెరాయిడ్లతో తగ్గే ఒక రకం క్లోమ వాపు కూడా అచ్చం కణితిలాగే కనిపిస్తుంది కాబట్టి ఇప్పుడే క్యాన్సర్ అని నిర్ధారణకు రాకండి.

కణితి ఉంటే, పక్కనున్న పెద్ద ధమనులను, సిరలను అది ఎంతమేర చుట్టుకుందో ఈ స్కానే చెబుతుంది. ఆపరేషన్ ముందా, కీమో ముందా అన్న నిర్ణయం చాలావరకు దానిమీదే ఆధారపడుతుంది. కీమో ముందైతే బయాప్సీ తప్పదు. నేరుగా ఆపరేషనైతే చాలాసార్లు అక్కర్లేదు.

స్కాన్‌కు ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నా, గతంలో కాంట్రాస్ట్ మందు పడకపోయినా చెప్పండి. పాత స్కాన్ రిపోర్టు ఒక్కటే కాదు, చిత్రాలున్న సీడీ కూడా రేడియాలజిస్టుకు ఇవ్వండి.