బండి ఎక్కే ముందు టైమింగ్ బెల్టు సంగతి తేల్చుకో

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. సెకండ్‌హ్యాండ్‌లో డస్టర్ డీజిల్ కారు కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మంచి బండే కొన్నావు, మన రోడ్లకి తట్టుకుంటుంది. అయితే దాన్ని వేసుకుని హైదరాబాద్ నుంచి బెజవాడ బయల్దేరే ముందు, టైమింగ్ బెల్టు, అంటే ఇంజన్ లోపలి భాగాల్ని లెక్క తప్పకుండా తిప్పే బెల్టు, ఎప్పుడు మార్చారో తేల్చుకో. అమ్మినాయన మార్పించామన్నాడట. నోటిమాట చాలదు, బిల్లు అడుగు. తేదీ, కిలోమీటర్ల రీడింగు, బెల్టు కిట్టు పేరు అందులో కనబడాలి. కనబడకపోతే మార్చలేదనే అనుకో.

మీ నాన్న ఒప్పుకోడని తెలుసు. "మా స్విఫ్ట్ డీజిల్‌కి ఇన్నేళ్ళలో ఏ బెల్టూ మార్చలేదే" అంటాడు. ఆ 1.3 ఇంజన్‌లో ఉండేది చైను. నీ 1.5 ఇంజన్‌లో ఉండేది పళ్ళున్న రబ్బరు బెల్టు. లోపల గ్లాస్ ఫైబర్ దారాలుంటాయి, గట్టిదే, కానీ దానికో వయసుంది. బండి తిరగకుండా ఇంటి ముందే ఉన్నా రబ్బరు ముదురుతుంది. అందుకే కంపెనీ పుస్తకంలో కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా ఇస్తారు. రెండిట్లో ఏది ముందొస్తే అదే గడువు. 2020లోనే మన దేశంలో డీజిల్ డస్టర్ అమ్మకం ఆగిపోయింది. అంటే ఎంత తక్కువ తిరిగిన బండి దొరికినా దాని వయసు ఐదేళ్ళు దాటినట్టే. రీడింగు చూసి మురిసిపోకు.

ఇంతకీ అది తెగితే ఏమవుతుందో చెబుతాను. సిలిండర్లలో పైకీ కిందికీ ఆడే పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్. గాలీ పొగా వచ్చిపోయే తలుపుల్లాంటి వాల్వుల్ని తెరిచే ఇరుసు క్యామ్‌షాఫ్ట్. కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ బెల్టే. నీ ఇంజన్‌లో డీజిల్ పంపునీ వాటర్ పంపునీ తిప్పేది కూడా అదే. హైవే మీద ఇంజన్ 2,400 ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) ఉందనుకో, క్రాంక్ సెకనుకి 40 చుట్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వు సెకనుకి 20 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకొచ్చేసరికి వాల్వు తప్పుకోవాలి. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో ఎదురెదురుగా రోకళ్ళు వేసినట్టు, ఒకరిది లేచాకే ఇంకొకరిది పడాలి.

బెల్టు తెగిన క్షణంలో క్యామ్ ఆగిపోతుంది. కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. క్రాంక్ మాత్రం వెంటనే ఆగదు, బండి గేర్లో ఉంది కాబట్టి చక్రాలే దాన్ని తిప్పుతుంటాయి. పిస్టన్ వచ్చి తెరిచున్న వాల్వుని గుద్దుతుంది. వాల్వు కాడ వంగుతుంది. ఒక్కోసారి క్యామ్‌షాఫ్ట్ కూడా పగులుతుంది. వాల్వు తల తెగి సిలిండర్లో పడితే పిస్టన్‌తో పాటు హెడ్డు (సిలిండర్ల మీది మూత) కూడా పోతుంది. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్డుకీ దానికీ మధ్య సందు చాలా తక్కువ. అందుకే తప్పించుకోవడం చాలా అరుదు.

ఇదంతా ముందే చెప్పి జరగదు. ముందు వైపు ఆయిల్ కారడం, కవరు లోపల బేరింగు కీచుమనడం, వాటర్ పంపు దగ్గర కూలెంట్ తడి, ఇవి కనిపిస్తే అదృష్టం. చాలాసార్లు ఏ సూచనా ఉండదు. బయటికి కనిపించే ఆల్టర్నేటర్ బెల్టు చూసి బాగుందనుకుంటారు చాలామంది. అది వేరు. అయితే దాన్నీ వదిలేయకు, అది చీలి పోగులు కవరు లోపలికి వెళ్తే టైమింగ్ బెల్టునీ లాగేస్తాయి.

దారిలో ఇంజన్ ఒక్కసారిగా చచ్చిపోతే వెంటనే క్లచ్ తొక్కి న్యూట్రల్ చెయ్యి. స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు ఒకటి రెండు తొక్కులకి మామూలుగా పడి తర్వాత రాయిలా అవుతుంది, కాబట్టి ఊరికే కొట్టకుండా గట్టిగా ఒకేసారి నొక్కు. హజార్డ్ లైట్లు వేసి ఎడమకి తీసుకో. బండి ఆగేదాకా తాళం చెవి బయటికి తీయకు, స్టీరింగ్ లాక్ అవుతుంది.

ఆగాక సెల్ఫ్ కొట్టకు. తల్లీ, ఇది మాత్రం మరీ మరీ చెబుతున్నాను. ఒక్కసారి చూద్దామని అందరికీ అనిపిస్తుంది, చుట్టూ చేరినవాళ్ళు కూడా కొట్టమంటారు, తోస్తామంటారు. తెలియక ఒకసారి కొట్టినా చెవి పెట్టి విను. సిలిండర్లో గాలి ఒత్తిడి (కంప్రెషన్) లేదు కాబట్టి ఇంజన్ అడ్డు లేకుండా తేలిగ్గా గిర్రున తిరిగినట్టు వినిపిస్తుంది. అంతటితో ఆపెయ్. ప్రతి తిప్పుడుకీ ఇంకో వాల్వు వంగవచ్చు. తోయించవద్దు, గేర్లో లాగించవద్దు. టోయింగ్ బండి పిలిపించు, ఆలస్యమైతే అయింది.

షెడ్డులో కొత్త బెల్టు వేసి వెంటనే స్టార్ట్ చేద్దామంటే ఒప్పుకోకు. ముందు గుర్తులు కలిపి టైమింగ్ కట్టి, చేత్తో తిప్పి చూసి, కంప్రెషన్ పరీక్ష చెయ్యాలి. ఏ సిలిండర్లో లేకపోయినా హెడ్డు దించాల్సిందే. వాల్వులు కంటికి తిన్నగానే కనిపిస్తాయి, వెంట్రుకంత వంపున్నా సీటు మీద సరిగ్గా కూర్చోవు. తీసిన వాల్వుల్ని నీకు చూపించమను.

ఇప్పుడే బెల్టు మార్పిస్తే అయ్యే ఖర్చు ఆ రిపేరు ఖర్చులో చిన్న భాగమే. ఒక్క బెల్టు కాదు, దాన్ని బిగుతుగా పట్టే టెన్షనరు, వాటర్ పంపు కూడా వేయించు. ఆ పంపు రేపు కారితే మళ్ళీ ఇదంతా విప్పాలి, కూలి రెండుసార్లు. ఆయిల్ సీళ్ళు చెమ్మగా ఉంటే అవీ మార్చమను. పని చేసేటప్పుడు ఇరుసులు కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు ఉన్న షెడ్డులోనే చేయించు. బెల్టుని స్క్రూడ్రైవరుతో ఎక్కించేవాడి దగ్గర వద్దు, మడత పడితే లోపలి దారాలు తెగుతాయి. బిగించాక క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో నీ ముందే చూడమను. అప్పుడే సెల్ఫ్.

ఆ రోజు తేదీ, రీడింగు బానెట్ లోపల స్టిక్కరు మీద రాయించు. సర్వీసు పుస్తకంలో బెల్టు గడువున్న పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. బిల్లు లేదంటే ఆదివారం దాకా బండి తీయకు. అక్కడ మనవాళ్ళ షెడ్డు ఒకటి ఉంది, నేను ఫోన్ చేసి మాట్లాడతాను.

ఇట్లు,
మీ మామయ్య