సర్పంచ్‌గా ఓడిపోయాను, ఎంపీటీసీకి నిలబడాలా?

ప్రశ్న (లేఖలోని ముఖ్య భాగం): మాది నల్లగొండ జిల్లా, సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. నాకు 44 ఏళ్లు. ఎరువుల దుకాణం, 5 ఎకరాల పొలం ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ సెకండియర్, బాబు ఎనిమిదో తరగతి. మొన్న డిసెంబరులో సర్పంచ్‌గా నిలబడి 87 ఓట్లతో ఓడిపోయాను. మొత్తం 17 లక్షల దాకా అయింది. అందులో 7 లక్షలు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోట్లు రాసి తెచ్చాను. 5 లక్షలు మా ఇంటావిడ 12 తులాల బంగారం బ్యాంకులో పెట్టి తీసుకున్నవి. 3 లక్షల 80 వేలు చిట్టీ పాడుకున్నవి, నెలకు 20 వేల చొప్పున ఇంకా 14 నెలలు కట్టాలి. మిగతాది చేతిలోది. ఇప్పుడు పార్టీవాళ్లు ‘సానుభూతి ఉంది, ఎంపీటీసీకి నిలబడు, 5 లక్షలు చూసుకుంటే చాలు’ అంటున్నారు. అదృష్టం బాగుంటే ఎంపీపీ కూడా కావచ్చు. మహిళకు రిజర్వ్ అయితే ఇంటావిడను పెడదామనుకుంటున్నాను. ఎకరం అమ్మి అప్పు తీర్చి నిలబడమని బామ్మర్ది అంటున్నాడు. ఏం చేయమంటారు? డబ్బులు తీసుకుని నాకు ఓటెయ్యనివాళ్లను వాపసు అడగొచ్చా?

జవాబు: నిలబడాలా వద్దా అన్నదానికంటే ముందు ఒక కాగితం సంగతి. ఎన్నికల ఖర్చుల లెక్క ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చారా? ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు ఇవ్వాలి. గెలిచినవాళ్లే కాదు, ఓడినవాళ్లు కూడా. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి పనికిరాకుండా చేయవచ్చు, అప్పుడిక మీ ప్రశ్నే ఉండదు. ఇచ్చి ఉంటే రసీదు ఎక్కడుందో చూసుకోండి. ఇవ్వకపోతే ఈ జవాబు తర్వాత చదువుకోవచ్చు, ముందు ఆఫీసుకు వెళ్లిరండి.

మీ ఊరి జనాభా 5,000 లోపే అన్నారు. అలాంటి ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పెట్టదగిన పరిమితి 1,50,000. మీకయింది 17 లక్షలు. మిగతా పదిహేనున్నర లక్షలు ఎటు పోయాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఓటుకు డబ్బివ్వడం నేరం. దాన్ని ఈసారి తక్కువలో ఎలా కానివ్వాలో నేను చెప్పను. వాపసు అడగడమంటారా, అడగొద్దు. చట్టం ఒప్పుకోని పనికి ఇచ్చిన డబ్బు ఏ కోర్టులోనూ వసూలు కాదు. పైగా ఎన్ని ఇళ్లకు పోయి అడిగితే అన్నిసార్లు ‘నేను డబ్బులిచ్చాను’ అని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టు. డిసెంబరు ఎన్నికలయ్యాక దేవుడి ఫొటో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన వాళ్ల కథలు మీరూ వినే ఉంటారు. పోయింది పోయింది, ఆ పద్దు కొట్టేయండి.

ఇక ఇంటి లెక్క. మీరు పంపిన అంకెలను బట్టి దుకాణం మీద ఖర్చులు పోను నెలకు 35 వేలు మిగులుతున్నాయి. రెండు పంటల మీద ఏడాదికి లక్షా 80 వేలు. రైతు భరోసా ఎకరానికి పంటకు 6,000 చొప్పున 5 ఎకరాలకు ఏడాదికి 60 వేలు (పడినప్పుడు పడుతుంది, సరే). అన్నీ కలిపి 12 నెలలకు పంచితే నెలకు 55 వేలు. పోయేదేమో ఇంటి ఖర్చు 22 వేలు, పిల్లల ఫీజులు నెలకు పంచితే 12 వేలు, చిట్టీ 20 వేలు, నోట్ల మీద వడ్డీ 14 వేలు, బంగారం మీద మీ రసీదులో ఉన్న 9 శాతం చొప్పున 3,750. మొత్తం 71,750. అంటే నెలనెలా 16,750 తక్కువ పడుతోంది.

మరి ఆ తక్కువ పడేది ఎక్కడి నుంచి వస్తోంది? ‘ఎట్లనో అడ్జస్ట్ అవుతోంది’ అని రాశారు. ఊరికే ఎట్లా అవుతుంది? దుకాణంలో సరుకు తరుగుతోంది. గల్లా పెట్టెలోంచి తీసిందంతా లాభమని మీరనుకుంటున్నారు, అందులో సగం రేపు బస్తాలు తేవాల్సిన డబ్బు.

ఫోన్లో పంపిన మీ ఉద్దెర పుస్తకం పేజీలు రెండూ నేను చాలాసేపు చూశాను. ఒక పేరు కింద ఆగస్టు తేదీతో ‘డీఏపీ 4, యూరియా 6, మొత్తం 6,999’ అని ఉంది. పక్కన పచ్చ ఇంకుతో టిక్కు. దాని కింది పేరుకు ఎర్ర ఇంకుతో సున్నా. ఇవేం గుర్తులని ఫోన్ చేసి అడిగితే ‘పచ్చవి మనోళ్లు సార్, ఎర్రవి డౌటు’ అన్నారు. పచ్చ టిక్కువాళ్లను మనోళ్లే కదా అని బాకీ అడగలేదు. ఎర్ర సున్నావాళ్లను అడిగితే ఉన్న డౌటు కూడా పోయి ఓటు అవతలికి పడుతుందని అడగలేదు. అలా ఆగిపోయింది 4,50,000. మీ 17 లక్షల్లో ఇది లేదు, ఎందుకంటే మీరు దీన్ని ఖర్చు అనుకోలేదు.

వానాకాలం వడ్లు కాంటా అయి రైతుల ఖాతాల్లో పైసలు పడేది నవంబరు, డిసెంబరుల్లో. ఎరువుల దుకాణానికి ఏడాదిలో బాకీలు వసూలయ్యే పెద్ద కాలం అది. సరిగ్గా ఆ రోజుల్లో మీరు వాడవాడకూ తిరిగి దండం పెడుతున్నారు. దండం పెట్టిన చేత్తో పుస్తకం తెరిచి చూపించలేరు కదా. మా నాన్నది చిన్న కిరాణం కొట్టు. బాకీ అడగబోయే రోజు ఆయన చొక్కా మార్చుకుని మరీ బయల్దేరేవాడు. కొట్లో కూర్చున్న మనిషి మొహమాటపడతాడట, అడగడానికి ఇంకో మనిషి కావాలట. ఎంపీటీసీకి నిలబడతానని మీరు ఊళ్లో అన్న రోజు నుంచి మీలో ఆ ఇంకో మనిషి మళ్లీ ఇంట్లోనే ఉండిపోతాడు. యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. ఆ వసూళ్లూ పోతే వానాకాలానికి సరుకు తేవడానికి మళ్లీ నోటు రాయాలి.

ఎంపీటీసీ గెలిస్తే ఏమొస్తుందో కూడా చూద్దాం. 2021లో 5,000 నుంచి పెంచిన గౌరవ వేతనం నెలకు 6,500. ఐదేళ్లకు 3,90,000. పార్టీవాళ్లు చెప్పిన 5 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఒక్క వడ్డీయే నెలకు 10 వేలు. గెలిచినా నెలకు 3,500 ఎదురు కట్టాలి, అసలు తీర్చడం సంగతి వేరే. ఎంపీపీకైతే 13 వేలు. కానీ ఎంపీపీని ఎన్నుకునేది ఊరి ఓటర్లు కాదు, మిగతా ఎంపీటీసీలు. క్యాంపులంటే ఏంటో, బస్సులూ హోటళ్లూ ఎవరి జేబులోంచి నడుస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు. నేను దాన్ని ఆదాయం కింద రాయను. ‘గెలిస్తే అన్నీ వాటంతటవే వస్తాయి’ అని మీ లేఖలో ఇంకో వాక్యం ఉంది. ఎలా వస్తాయో మీరు రాయలేదు, నేనూ లెక్కలో వేయలేదు. పాత సర్పంచులను అడగండి. సొంత డబ్బు పెట్టి, అప్పులు తెచ్చి ఊళ్లో పనులు చేయించి, పదవి దిగిపోయాక కూడా బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మన జిల్లాలోనే ఉన్నారు.

ఇంకో సంగతి. 2025 అక్టోబరు 9న ఎంపీటీసీ, జెడ్పీటీసీ తొలి విడతకు నోటిఫికేషన్ వచ్చింది. అదే రోజు బీసీలకు 42 శాతం రిజర్వేషన్ జీవో మీద హైకోర్టు స్టే ఇవ్వడంతో ఎన్నికలు ఆగిపోయాయి. ఆ దసరాకు ముందే తొందరపడి దావత్‌లు ఇచ్చినవాళ్ల డబ్బు అటే పోయింది. మీ సీటు ఎవరికి రిజర్వ్ అవుతుందో తేలి, నామినేషన్ తేదీ చేతికొచ్చేదాకా ఒక్క రూపాయి, ఒక్క ఫ్లెక్సీ కూడా వద్దు. ఎంపీటీసీ డిపాజిట్ జనరల్‌కు 2,500, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,250. ఖర్చు పరిమితి లక్షా 50 వేలు. పార్టీవాళ్లు చెప్పే 5 లక్షలు మొదలే పరిమితికి మూడింతలకు పైన ఉన్నాయి.

బామ్మర్ది గారి మాట పూర్తిగా తప్పని అనను. ఎకరం అమ్మితే అప్పంతా ఒక్క రోజులో పోతుంది. కానీ ఎన్నికల్లో ఓడి అప్పులపాలయ్యాడని ఊరంతా తెలిసిన మనిషి భూమి అమ్మకానికి పెడితే కొనేవాడు ధర ఎక్కడి నుంచి మొదలుపెడతాడో మీకు చెప్పక్కర్లేదు. అమ్మకుండా బయటపడే దారి ఉన్నప్పుడు ఎకరం ఎందుకు ముట్టుకోవాలి? ముఖ్యంగా, మిగిలిన డబ్బుతో నిలబడటానికైతే అసలే వద్దు.

నా లెక్కలో మొదట పోవాల్సినవి నోట్లు. నోటికి రెండు రూపాయలే అనిపిస్తుంది, ఏడాదికి 24 శాతం. నోటుకు గడువు మూడేళ్లు. గడువు దగ్గర పడేసరికి అప్పిచ్చినాయన వడ్డీ కలిపి తిరగరాయమంటాడు. కట్టకుండా వదిలేస్తే మీ 7 లక్షలు అప్పటికి 12,04,000 అయి, అదే కొత్త అసలవుతుంది. బ్యాంకు అదే బంగారం మీద ఇంకో 4 లక్షలు ఇస్తానంటోందని రాశారు. మీ ఇంటావిడ ఒప్పుకుంటే ఆ 4 లక్షలు తెచ్చి అదే రోజు నోట్ల మీద కట్టేయండి. 24 శాతం అప్పు 9 శాతానికి మారితే ఏడాదికి 60 వేలు మిగులుతుంది. మిగిలిన 3 లక్షలు ఉద్దెర పుస్తకంలోంచి రావాలి. 4,50,000లో అంతా రాదు. కొందరు తిప్పుతారు, ఒకరిద్దరు ఊరే మారిపోయి ఉంటారు. 3 లక్షల 80 వేలు వచ్చినా చాలు. 3 లక్షలు నోట్లకు పోతాయి. మిగతా 80 వేలు ఎందుకంటే, నోట్లు తీరాక కూడా మీకు నెలకు 5,750 తక్కువ పడుతుంది. చిట్టీ అయిపోయే 14 నెలలకు అది 80,500. ఆ తర్వాత లెక్క తిరగబడి నెలకు 14 వేల పైన మిగలడం మొదలవుతుంది, అది బంగారం విడిపించుకోవడానికి. ఈ వానాకాలం సరుకు కాస్త తక్కువే తెచ్చుకోండి, కొత్త ఉద్దెర రాయకండి. అమ్మాయి ఇంజినీరింగ్ అంటోందన్నారు కాబట్టి ఈ లెక్క జూన్‌లోపు కుదుట పడాలి, ఆ ఫీజులు నేనింకా ఇందులో వేయలేదు.

బంగారం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. లేఖలో మీ ఇంటావిడ రెండుసార్లు వచ్చారు. ఒకసారి బంగారంగా, ఇంకోసారి రిజర్వేషన్ వస్తే పెట్టే పేరుగా. ఆమె ఏమంటున్నారో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ 12 తులాలు ఆమెవి. ఇంకో 4 లక్షలు తీసుకోవాలన్నా, కొంత అమ్మి అప్పు తగ్గించుకోవాలన్నా ఆమె కూర్చుని ఈ అంకెలు చూసి చెప్పాలి. నోట్ల సంగతి ఆమెకు మొత్తం తెలుసా? తెలియకపోతే ఇవాళ రాత్రే చెప్పండి. మీకేమైనా అయితే రైతు బీమా 5 లక్షలు వస్తాయి, అప్పు దానికి మూడింతలు. ఒక టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. దీని మీద ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

కాబట్టి డబ్బు లెక్క ప్రకారం ఈసారి వద్దు. రాజకీయం మానేయమని కాదు. 87 ఓట్ల తేడా చిన్నదే, ఊళ్లో మీకు పేరుందని అది చెబుతోంది. ఇంత చెప్పినా మనసు ఆగకపోతే నాదొక షరతు. ముందు ఆ పుస్తకంలో పచ్చ, ఎర్ర గుర్తులు తెల్ల ఇంకు పెట్టి చెరిపేయండి. ఏప్రిల్, మే నెలల్లో ప్రతి పేరు దగ్గరికీ పోయి బాకీ అడగండి, మనోడైనా, డౌటైనా. వసూలు చేశాక కూడా ఊరు మీకు ఓటేస్తుందనిపిస్తే, నోట్లన్నీ తీరిపోయి ఉంటే, చేతిలో ఉన్న డబ్బుతో, పరిమితిలోపు, ఒక్క రూపాయి అప్పు లేకుండా నిలబడండి. అప్పుడు ఓడినా ఇల్లు కదలదు.

నోట్ల మీద కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. కొంచెం కొంచెంగా కడితే ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించి, తేదీ, సంతకాలు చూసుకుని, ఫోన్లో ఫొటో తీసుకోండి. పూర్తిగా తీరిన రోజు అసలు నోటు చేతికి తీసుకోకుండా లేవొద్దు. ‘ఇంట్లో ఎక్కడో ఉంది, రేపిస్తా’ అంటే రేపటిదాకా ఆఖరి పదివేలు మీ దగ్గరే పెట్టుకోండి.