నాలుగు రన్‌లు అతికిస్తే ఒక్క రన్ కాదు

ప్రశ్న: ఎఫ్ఎంఆర్ఐ (పనిచేస్తున్న మెదడును తీసే స్కాన్) డేటా మీద పీహెచ్‌డీ చేస్తున్నాను సార్. 20 మంది వాలంటీర్లు, ఒక్కొక్కరికి 4 రన్‌లు (ఆపకుండా తీసిన స్కాన్ విడతలు). ఇద్దరికి మాత్రం 3 రన్‌లే వచ్చాయి. ఎస్‌పీఎం అనే ఎనాలిసిస్ సాఫ్ట్‌వేర్‌లో రన్‌లన్నీ కలిపి ఒకే పొడవాటి ఫైల్‌గా ఇవ్వాలా? లేక ఒక్కో రన్‌నూ గ్రూప్ టెస్టులో విడివిడిగా పెట్టాలా? సీనియర్లు తలో మాట చెబుతున్నారు. స్కానర్ ఇచ్చిన డైకామ్ ఫైళ్లను ఒక ఫ్రీ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేసి, ఎనాలిసిస్‌కు కావాల్సిన నిఫ్టీ ఫార్మాట్‌లోకి మార్చుకున్నాను.
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దమ్మా. ఇదే ప్రశ్న మాటలు మారి వస్తూనే ఉంది కాబట్టి ఈ వారం చోటంతా దీనికే.

స్కానర్ ఆగి మళ్లీ మొదలైతే సిగ్నల్ సగటు మారిపోతుంది. ఒక వోక్సెల్‌లో (మెదడు బొమ్మలోని ఒక చిన్న ఘనంలో) మొదటి రన్ సగటు 800 ఉంటే, రెండో రన్‌లో 820 ఉండొచ్చు. అంటే రెండున్నర శాతం గెంతు. మీ టాస్క్ వల్ల వచ్చే మార్పు సాధారణంగా ఒక శాతం అటూఇటూ. మీరు వెతికేదాని కన్నా అతుకే పెద్దదన్నమాట. దీనికి తోడు, సిగ్నల్‌లో నెమ్మదిగా వచ్చే డ్రిఫ్ట్‌ను (జారుడును) తీసేసే 128 సెకన్ల ఫిల్టర్ ఆ అతుకు మీదుగా నడిచిపోతుంది. రన్ చివర్లో చూపించిన బొమ్మకు రక్తప్రవాహ స్పందన ఐదారు సెకన్లకు గానీ పతాక స్థాయికి రాదు. రన్ అయిపోయిందని తెలియని మోడల్ దాన్ని తర్వాతి రన్ ఖాతాలో వేసేస్తుంది.

కాబట్టి ఒక్కో రన్‌నూ ఒక్కో సెషన్‌గా ఇవ్వండి. తల కదలికలను మోడల్ లెక్కలోకి తెచ్చే రిగ్రెసర్లు ఆరూ ఏ రన్‌వి ఆ రన్‌కే. కలపక తప్పని డిజైన్ అయితే ఎస్‌పీఎంలో కాంకాటెనేట్ ఫంక్షన్ ఉంది. రన్ ఎక్కడెక్కడ మారిందో చెబితే సగటునూ, ఫిల్టర్‌నూ రన్‌వారీగా సరిచేస్తుంది.

రన్‌లను మనుషులుగా లెక్కపెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఒకే మనిషి రన్‌లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. 78 ఇమేజ్‌లు పెట్టినంత మాత్రాన 78 మంది అయిపోరు. 19 ఉండాల్సిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (డేటాలో స్వతంత్ర సమాచారం ఎంతుందో చెప్పే సంఖ్య) 77 అవుతాయి. లేని ఫలితం కూడా మెరిసిపోతూ కనిపిస్తుంది.

ఇక 3 రన్‌ల ఆ ఇద్దరి సంగతి. కాంట్రాస్ట్ (ఏ స్పందనను దేనితో పోల్చాలో చెప్పే సూత్రం) రాసేటప్పుడు ఉత్త ‘రెప్లికేట్’ ఎంచుకుంటే సెషన్లన్నిటి బీటాలనూ (మోడల్ అంచనా వేసిన స్పందన పరిమాణాలనూ) కూడేస్తుంది. స్పందన ఒకేలా ఉన్నా 4 రన్‌ల వాళ్ల కాన్ ఇమేజ్ (కాంట్రాస్ట్ ఫలితంగా మనిషికి ఒకటి చొప్పున వచ్చే బొమ్మ) విలువలు మూడో వంతు ఎక్కువగా వస్తాయి. ఫస్ట్ లెవెల్‌లో, అంటే ఒక్కో మనిషి లెక్కలో, ఫలితం ఎంత గట్టిదో చెప్పే టీ విలువ మారదు కాబట్టి అనుమానమే రాదు. కానీ గ్రూప్ టెస్టుకు వెళ్లేది ఆ కాన్ ఇమేజే. ‘రెప్లికేట్ అండ్ స్కేల్’ ఎంచుకోండి, సెషన్ల సంఖ్యతో భాగించి ఇస్తుంది. పరిశోధన సాఫ్ట్‌వేర్ చాలావాటితో నా గొడవ ఇదే. ఫైల్ పేరులో ఒక్క చుక్క తేడా వస్తే ఎర్రటి ఎర్రర్ చూపిస్తాయి, లెక్కే తప్పుతుంటే మాత్రం నోరు మెదపవు.

ఇదంతా సరిదిద్దుకోవచ్చు. నాకు టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలో చివరి వాక్యం. డైకామ్ ఫైల్ అంటే ఉత్త బొమ్మ కాదు. హెడర్‌లో మనిషి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరు ఉంటాయి. అవి తీసేసినా టీ1 స్కాన్‌లో (తల నిర్మాణాన్ని చూపే స్కాన్‌లో) ముక్కూ, కళ్లూ, గడ్డం ఎక్కడివక్కడే. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 2019లో స్కాన్ల నుంచి ముఖాలను రూపొందించి, అందరికీ దొరికే ఫేస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలకు జతచేస్తే, 84 మందిలో 70 మందిని అది సరిగ్గా గుర్తుపట్టింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. ముఖాన్ని ఎలా మారుస్తారు? ఫ్రీగా దొరికిందని ఎదుటివాళ్ల తలను తీసుకెళ్లి ఎవరిదో తెలియని సర్వర్‌లో పెట్టే హక్కు మనకు లేదు. వాళ్లు సంతకం పెట్టింది మీ పరిశోధనకు మాత్రమే.

డైకామ్‌ను నిఫ్టీగా మార్చే డీసీఎం2నిక్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీయే, ఇంటర్నెట్ లేకుండా మీ కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. కాకపోతే అది మామూలు సెట్టింగ్‌లో ఫోల్డర్ పేరును ఫైల్ పేరులోకి తెస్తుంది. ఫోల్డర్‌కు వాలంటీర్ పేరు ఉంటే ముందే కోడ్ నంబర్ పెట్టండి. టీ1 ఎవరికి పంపాలన్నా ముందు పైడీఫేస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ముఖం తీసేయండి. ఆ వెబ్‌సైట్‌వాళ్లకు ఫైళ్లు తొలగించమని మెయిల్ పెట్టి, మీ గైడ్‌కూ ఎథిక్స్ కమిటీకీ జరిగింది ఈ రోజే చెప్పండి. ఎనాలిసిస్ రేపు చేసుకోవచ్చు.